అబ్బా – నాయనా – తండ్రీ: తెలుగు బైబిలులో ఒక సంబోధన

కొత్త నిబంధన గ్రీకు మూలంలో ‘అబ్బా’ అనే అరామిక్ సంబోధన మూడు చోట్ల మాత్రమే ఉంది: మార్కు 14:36, రోమీయులకు 8:15, గలతీయులకు 4:6. మూడింటా దాని వెంటే ‘తండ్రి’ అనే గ్రీకు పదం నిలిచింది. గెత్సేమనేలో యేసు పలికిన పిలుపే పౌలు పత్రికల్లో విశ్వాసుల మొరగా వినిపిస్తుంది. దేవుని పితృత్వాన్ని గురించిన సంప్రదాయ క్రైస్తవ చింతనకు ఈ పదైక్యం ఒక ముఖ్యాధారం.

బహుళ ప్రచారంలో ఉన్న తెలుగు బైబిలులో మార్కు సువార్త, గలతీయ పత్రిక ‘నాయనా తండ్రీ’ అనగా, రోమీయ పత్రిక ‘అబ్బా తండ్రీ’ అంటుంది. ‘నాయనా’ ఇంటి పిలుపు; దానివల్ల ప్రార్థనకు చనువు వచ్చింది. పెద్దలు పిల్లలనూ అలాగే పిలుస్తారు కనుక, పక్కనున్న ‘తండ్రీ’ అర్థాన్ని స్థిరపరుస్తోంది. ‘అబ్బా’ మాత్రం తెలుగు చెవికి బాధను తెలిపే అవ్యయం. అదే అధ్యాయంలో శ్రమలు, సృష్టి మూలుగు ప్రస్తావనకు వస్తాయి కాబట్టి ఆ ధ్వని అతికినట్టే తోస్తుంది. అయినా అది యాదృచ్ఛిక సామ్యమే. వ్యాఖ్యానానికి ప్రమాణం కాదు.

అసలు నష్టం వేరే ఉంది. మూలంలో మూడు చోట్లా ఉన్నది ఒకే మాట అని తెలుగు పాఠకునికి తెలియదు. కుమారుని ప్రార్థనకూ విశ్వాసుల ప్రార్థనకూ ఉన్న బంధం రోమీయ పత్రికలో తెగిపోయింది. ఏ రూపాన్ని ఎంచుకున్నా, దాన్నే మూడు చోట్లా నిలపడం అనువాద ధర్మం.