పాతాళంలో కేతిగాడు

హనుమంతుడు తోకను కోటలా చుట్టి, లోపల నిద్రపోతున్న రామలక్ష్మణులకు కాపలా కాస్తున్నాడు. మైరావణుడు విభీషణుడి రూపంలో వచ్చి అతణ్ణే బురిడీ కొట్టించి, అన్నదమ్ములిద్దర్నీ పాతాళానికి ఎత్తుకుపోయాడు. ఇక కాళికి బలి. తెర ముందు కూర్చున్న పిల్లలు అమ్మల కొంగుల్లోకి దూరే వేళ ఇది. ఇలాంటి చోటే తోలుబొమ్మలాట హాస్యగాడు కేతిగాడు ఊడిపడతాడు. బంగారక్క కోసం వెతుకుతాడు. ఆవిడ మొగుడు జుట్టు పోలిగాడు దగ్గర్లో లేడని చూసుకుని సరసం మొదలెడతాడు. పోలిగాడు రానే వస్తాడు. తన్నులాట. అవతల రాముడి మెడ మీద కత్తి ఉందన్న సంగతి జనం కాసేపు మర్చిపోతారు.

తోలుబొమ్మలాట గురించి రాసేవాళ్ళు చాలామంది ఈ హాస్యాన్ని నిద్ర రాకుండా పెట్టిన ఉపాయమని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. రాత్రంతా సాగే ఆట కాబట్టి నిద్ర మాట నిజమే. నిద్ర ఆపడానికి మద్దెల చాలదా? భయాన్ని ఎంతవరకూ సాగదీయవచ్చో తేల్చేది కేతిగాడే అని నా లెక్క. నవ్వు వెనకాలే కాచుకుని ఉంది కాబట్టి ఆటగాడు పాతాళాన్ని అంత చీకటిగా చూపించగలుగుతున్నాడు.

ఆ చీకటి పనితనం తెర వెనక్కి వెళితే తప్ప అర్థం కాదు. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగదీసి ఆరబెడితే వెలుతురు దూరేంత పల్చగా తయారవుతుంది. పూర్వం దేవుళ్ళ బొమ్మలకు జింక చర్మం వాడేవారు. 1972 నాటి వన్యప్రాణి చట్టం తర్వాత ఆ దారి మూసుకుపోయింది. తోలు మీద బొమ్మ గీసి, నగలూ చీర అంచులూ ఉండే చోట చిన్న ఉలులతో చిల్లులు కొడతారు. దీపం వెలిగించగానే ఆ చిల్లులే ముత్యాలై మెరుస్తాయి. రంగు రెండు వైపులా వేస్తారు, ఎందుకంటే బొమ్మ ఇటు తిరిగినా అటు తిరిగినా ఒకేలా కనిపించాలి. ఉప్పాడ నేతగాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. వాళ్ళ మగ్గం మీద దిగే జాంధానీ పువ్వు చీరకు ఏ వైపు చూసినా ఒకటే. సముద్రం ఏటా ఊరి అంచును కొరుక్కుతింటున్నా ఆ చేతిపని ఇంకా నిలిచే ఉంది. ఉప్పాడ మగ్గాల నుంచి కాకినాడ దాటి సామర్లకోట దారి పడితే మాధవపట్నం వస్తుంది. గోదావరి జిల్లాల్లో తోలుబొమ్మలాటకు పేరున్న ఊరది. ఒకరు పట్టుదారంతో చేసేదాన్ని ఇంకొకరు తోలు మీద చేశారు.

బొమ్మ నడుం గుండా చీల్చిన బద్ద పెట్టి కడతారు. చేతులకు విడిగా పుల్లలు. కీళ్ళ దగ్గర తాడుముడులు. కదలని బొమ్మల్ని ఈతముళ్ళతో తెరకు గుచ్చి పెడతారు. అలా కొలువు కొలువంతా నిలబడి ఉంటే, ఆటగాడి రెండు చేతులూ రెండు బొమ్మల్ని మాత్రం ఆడిస్తాయి. కాళ్ళూ ఊరుకోవు. యుద్ధం వచ్చిందంటే కాలి కింద చెక్కపలకలు దడదడలాడతాయి. పాటా అతనిదే, మాటా అతనిదే. ఆడబొమ్మల గొంతు ఇంట్లో ఆడవాళ్ళది.

ఇక దయ్యాల విద్య. బొమ్మను తెరకు ఆనిస్తే గీతలు, రంగులు స్పష్టంగా పడతాయి. కాస్త వెనక్కి, దీపం వైపు లాగితే అదే బొమ్మ ఉబ్బుతుంది, అంచులు కరిగిపోతాయి, రంగు మసకబారుతుంది. మనిషి కాస్తా నీడవుతాడు. రాక్షసి రాకకు ఇంతకన్నా ఖర్చులేని మాయ లేదు. ఇంకొకటుంది. బొమ్మ బల్లపరుపు కాబట్టి బద్దను గిర్రున తిప్పితే మధ్యలో ఒక్క రెప్పపాటు సన్నని గీతగా మారి మాయమవుతుంది. మైరావణుడు విభీషణుడిగా మారాల్సింది ఆ రెప్పపాటులోనే. ఆముదపు దీపాల రోజుల్లో మంట వణికినప్పుడల్లా నిలబడ్డ బొమ్మలు కూడా ఊపిరి తీస్తున్నట్టు ఉండేవట. పెట్రోమాక్సు వెలుగు పెంచింది, కరెంటు బల్బు ఆ ఊపిరి తీసేసింది.

జావా దీవిలోనూ వయాంగ్ కులిత్ అనే తోలుబొమ్మలాట ఉంది, దాని బొమ్మలు మనవాటికన్నా చాలా చిన్నవి. మన ఆంధ్ర బొమ్మల్లో పెద్దవి నాలుగైదు అడుగులకు తక్కువ ఉండవు, నీడ కూడా రంగుల్లో పడుతుంది. అయినా ఆ ఆటలోనూ అర్ధరాత్రి వేళకు సెమార్, అతని కొడుకులు గారెంగ్, పెత్రుక్, బాగోంగ్ అనే విదూషకులు కథను ఆపి సొంత గొడవ మొదలెడతారు. అర్ధరాత్రి విదూషకుడి అవసరం ఒక్క ఊరిది కాదన్నమాట.

అమెరికావాళ్ళు భయానికీ నవ్వుకీ మధ్య ఈ ఒప్పందాన్ని టీవీలో చేసుకున్నారు. ‘ది సింప్సన్స్’ అనే కుటుంబ కార్టూన్ సీరియల్ 1990 అక్టోబరులో తొలి ‘ట్రీహౌస్ ఆఫ్ హారర్’ ఎపిసోడ్ చూపించింది. అక్కడ అక్టోబరు 31 దయ్యాల పండగ. (మనకు దయ్యాలకంటూ వేరే పండగ లేదు, అమావాస్య నెలనెలా వస్తూనే ఉంటుంది.) పిల్లలు చెట్టు మీది గుడిసెలో కూర్చుని ఒకరికొకరు భయపెట్టే కథలు చెప్పుకుంటారు, తండ్రి హోమర్ చాటుగా వింటూ వణికిపోతాడు. మొదటి కథలో దయ్యాల ఇల్లు, రెండోదాంట్లో గ్రహాంతరవాసులు, మూడోదాంట్లో ఎడ్గార్ అలన్ పో ‘ది రావెన్’. ఆ పద్యం చాలామటుకు ఉన్నదున్నట్టే చదువుతుంటారు. వణికే కథానాయకుడు హోమర్, కాకి ముఖం మాత్రం అల్లరి కొడుకు బార్ట్‌ది. పెద్ద కావ్యాన్ని గంభీరంగా పాడుతూ పక్కన కోతిచేష్ట పెట్టడం మన ఆటగాళ్ళకు కొత్త కాదు. రామాయణ కథలకు వాళ్ళు రంగనాథ రామాయణం ద్విపదలే పాడతారు, ఆ ద్విపద ఊపిరి తీసుకునే చోట కేతిగాడు దూరతాడు.

అప్పటి నుంచీ ఏటా వచ్చే ఆ ఎపిసోడ్‌లో ఎవరు చచ్చినా వచ్చే వారం మామూలుగా తిరుగుతుంటారు. మామూలు కథలో చెల్లని పని అక్కడ చెల్లుతుంది. కేతిగాడి హక్కూ ఇలాంటిదే. అతను రామాయణానికీ చెందడు, భారతానికీ చెందడు. లక్ష్మణమూర్ఛలో కనిపిస్తాడు, కీచకవధలో కనిపిస్తాడు. ఎక్కడా వయసు రాదు, ఎన్ని దెబ్బలు తిన్నా చావడు. పురాణంలో ఉంటే పురాణం మర్యాద పాటించాలి. బయటివాడు కాబట్టి ఊరి పెద్దనూ, పూజారినీ అనేస్తాడు. అన్నది తోలుబొమ్మ, కేసు ఎవరి మీద పెడతారు?

ఒక తేడా ఉంది, అందులో నేను మనవాళ్ళ వైపే. అమెరికా కార్టూన్ భయపు కథనే వెక్కిరిస్తుంది. నవ్వు వచ్చేసరికి దయ్యం పలచబడిపోతుంది. కేతిగాడు మైరావణుడి జోలికి పోడు, కాళి గుడిని ఎగతాళి చెయ్యడు. పాతాళం అలాగే ఉంటుంది, అతను దాని పక్కన తన సంసారం గొడవ పెట్టుకుని వెళ్ళిపోతాడు. అందుకే అతను వెళ్ళగానే భయం చెక్కు చెదరకుండా తిరిగి వస్తుంది. పాతాళం వాకిట చేప కడుపున పుట్టిన మత్స్యవల్లభుడు కావలి ఉంటాడు. వలలు వేసి బతికే కడలి ఒడ్డు ఊళ్ళో, కన్నకొడుకని తెలియక హనుమంతుడు ఆ చేప బిడ్డతోనే కలియబడుతుంటే ఎవరికి నవ్వొస్తుంది?

బంగారక్క బూతుల గురించి కూడా ఒక మాట. చదువుకున్నవాళ్ళకు ఎప్పటినుంచో అవి మింగుడుపడవు. నిజమే, కొన్ని మాటలు పగటిపూట రాయలేం. కానీ ఆ గొంతు తెర వెనక కూర్చున్న ఇంటి ఆడమనిషిది. మొగుడికీ ప్రియుడికీ ఇద్దరికీ ఒకే ఊపులో గడ్డిపెట్టే ఆ నోరు వీధిలో దొరకదు, పురాణంలో అసలు దొరకదు. శుభ్రం చేస్తున్నామనుకుని ముందు కోసేది ఆవిడ సమాధానాలనే.

ఇప్పుడు కోత ఎక్కువైంది. రాత్రంతా సాగిన ఆట గంటకు కుదించుకుపోయింది. సభల్లో లంకాదహనం ఒక ముక్క, చివర ఫొటోలు. సర్కారు ప్రచారాలకు పిలిస్తే కేతిగాడు టీకాల గురించీ మరుగుదొడ్ల గురించీ చెప్పి దండం పెడతాడు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలు పని దీపపు తొడుగులుగా, గోడబొమ్మలుగా అమ్ముడై బతుకుతోంది. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది, ఆంధ్ర తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపూ ఉంది. ఆ తొడుగు ఇంట్లో అందంగానే ఉంటుంది. కానీ బొమ్మ దాని మీద అతుక్కుని కదలకుండా ఉంటుంది కాబట్టి ఉబ్బదు, మాయమవదు, ఎవర్నీ భయపెట్టదు.

జాతరకు బొమ్మలాట పెట్టించే కమిటీవాళ్ళకు నాదో విన్నపం. గంట ఆట ఒద్దనండి, కనీసం అర్ధరాత్రి దాటనివ్వండి. మైరావణుడి కథ అడగండి. తెర వెనక బల్బు కాస్త తగ్గించమనండి. కేతిగాడు మీ పేరెత్తితే మైకు కట్టేయకండి.