పిలుపులోని దీక్ష: 'పశ్చిమ యాత్ర' ఆంగ్లానువాదాలలో పేర్లు

16వ శతాబ్దపు చీనా నవల 'పశ్చిమ యాత్ర'లో ప్రధాన పాత్రలకు రెండు మూడు పేర్లుంటాయి. కొన్ని దీక్షానామాలు, కొన్ని మారుపేర్లు. పేరు మారినచోట పాత్ర స్థితి కూడా మారుతుంది. కనుక ఈ నవల ఆంగ్లానువాదాలకు పేర్లే మంచి గీటురాయి.

ఆర్థర్ వేలీ 1942లో నూరు అధ్యాయాలనుండి 30 మాత్రమే ఎన్నుకొని 'మంకీ' పేరిట ప్రకటించారు. అందులో వానరుడు 'మంకీ', వరాహుడు 'పిగ్సీ', మూడవ శిష్యుడు 'శాండీ'. ముద్దుపేర్లవంటి ఈ పిలుపులు మూలంలోని హాస్యాన్ని నిలిపి, నవలను ఆంగ్లపాఠకులకు చేరువ చేశాయి. అయితే వానరుని దీక్షానామం 'వూకోంగ్', అంటే శూన్యతను ఎరిగినవాడు. ఆ పేరు పెట్టిన గురువు సుభూతి. వజ్రచ్ఛేదికా సూత్రంలో బుద్ధునితో సంభాషించే సుభూతి తెలిసినవారికి ఈ నామకరణంలోని సూచన వెంటనే అందుతుంది. పేరు మొదటి అధ్యాయంలోనే లభిస్తుంది. దానికి తగినవాడు కావడానికి వానరునికి తక్కిన నవలంతా పడుతుంది. 'మంకీ' అన్న పిలుపులో జాతి మిగిలింది, గమ్యం పోయింది.

వరాహుని మారుపేరు 'బాజియె', అంటే ఎనిమిది విరతులు. అది వినగానే ఉపోసథ దినాన ఉపాసకులు పాటించే అష్టశీలం స్ఫురిస్తుంది. నవల చెప్పే కారణం వేరు: అతడు ఐదు ఘాటు దినుసులను, మూడు నిషిద్ధ మాంసాలను విడిచాడు కనుక గురువు ఆ పేరు పెట్టాడు. తిండిపోతుకు విరతుల పేరు పెట్టడమే ఇందులోని చమత్కారం. 'పిగ్సీ'లో తిండిపోతు ఉన్నాడు, వ్రతం లేదు. ఆంథొనీ యూ 1977-83 మధ్య నాలుగు సంపుటాలుగా వెలువరించిన సంపూర్ణానువాదంలోని 'ఎయిట్ రూల్స్' సంఖ్యను కాపాడింది. కాని 'రూల్' పైనుండి విధించేది. శీలం తానై స్వీకరించేది.

గురువు వానరునికి పెట్టిన మరో పేరు 'షింగ్‌జె'. యూ దానిని 'పిల్‌గ్రిమ్' అన్నారు. మరో ప్రసిద్ధ నవల 'జలతీరం'లో, హత్యల అనంతరం సంచార తాపసి వేషం ధరించిన వూ సోంగ్‌కూ ఇదే బిరుదు. సిడ్నీ షపీరో 1980 నాటి అనువాదంలోనూ అతడు 'పిల్‌గ్రిమ్' అయ్యాడు. చీనా పదంలోని 'షింగ్'కు నడక, ఆచరణ అని రెండర్థాలు. 'పిల్‌గ్రిమ్' మొదటిదాన్నే పట్టింది. సంస్కృతంలో 'చర్' ధాతువుకు ఈ రెండూ ఉన్నాయి. 'సంచారి', 'బ్రహ్మచారి' అన్న మాటలే సాక్ష్యం.

ఈ అనువాదాల్లోని అసమానత ఇక్కడే బయటపడుతుంది. గురువు బిరుదు 'సాన్‌జాంగ్' త్రిపిటకానికి చీనా అనువాదం. వేలీ, యూ ఇద్దరూ దానిని తిరిగి సంస్కృతంలోకి మార్చి 'త్రిపిటక' అన్నారు. ఆంగ్లపాఠకుడు ఆ కొత్త మాటను భరించగలడని వారు నమ్మారు. అదే నమ్మకం శిష్యుల విషయంలో వేలీకి లేకపోయింది. గురువుకు ధర్మభాష, శిష్యులకు ఆటపేర్లు దక్కడంతో, నలుగురూ ఒకే మార్గంలో నడిచే సాధకులన్న భావం బలహీనపడింది.

భారతీయ భాషల్లోకి ఈ నవలను తెచ్చేవారు ఆంగ్లంమీదుగా వస్తే ఈ నష్టమూ వెంట వస్తుంది. ఈ కథకు మూలపురుషుడైన హ్యుయాన్ త్సాంగ్ 7వ శతాబ్దంలో ధాన్యకటకాన్ని దర్శించాడు. శూన్యత, శీలం, చర్య అన్న మాటలు తెలుగుకు అరువు తేవలసినవి కావు. ఆ మాటలుండగా 'పిగ్సీ'ని తెలుగు చేయబూనడం, ఇంట్లో బావి ఉండగా ఊరిబయటి చెరువునుండి నీళ్లు మోయడమే.