ఇద్దరు తాతలు

మా మదీనాగూడ అపార్ట్‌మెంట్లలో కథలు చెప్పే వయసువాళ్లం చాలామందిమి వేరే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లమే. ఒకరిది ఖమ్మం, ఒకరిది కరీంనగర్, నాది తెనాలి. కూతుళ్లూ అల్లుళ్లూ, కొడుకులూ కోడళ్లూ హైటెక్ సిటీకో గచ్చిబౌలికో ఉద్యోగాలకు పోతుంటే, పిల్లల్ని చూసుకోవడానికని వచ్చి ఇక్కడే ఉండిపోయాం. హైవే మీద రద్దీ తగ్గే వేళకి కూడా అమ్మానాన్నలు ఒక్కోరోజు ఇల్లు చేరరు. చేరినా అమెరికా వాళ్లతో ఫోన్లుంటాయి. అందుకని రాత్రి కథ మా వంతు. దాన్ని నేను కాలక్షేపంగా ఏనాడూ అనుకోలేదు. ఏది ముందు చెప్పాలి, ఏది ఆపి చెప్పాలి, ఏది ఎంతమాత్రం వదలకూడదు అని పగలంతా ఆలోచించుకుంటాను.

మనవడు ఏడో తరగతికి వచ్చాక వాడూ నాకు కథలు చెప్పడం మొదలుపెట్టాడు. వాడికి జపాన్ యానిమే ప్రాణం. అందులోనూ ‘వన్ పీస్’. ఎయిచిరో ఓడా అనే ఆయన 1997 నుంచి బొమ్మల కథగా గీస్తున్నాడు, 1999 నుంచి టీవీలో వస్తోంది, ఇప్పటికీ అయిపోలేదు. పాత్రలు జపనీస్‌లో మాట్లాడతాయి, కింద ఇంగ్లిష్‌లో అక్షరాలు పరుగెడతాయి, పక్కన వాడు తెలుగులో వ్యాఖ్యానం చెబుతాడు. నన్ను అందులో అన్నిటికంటే బాగా పట్టుకున్నది ఒక తాత కథ.

ఆ తాత పేరు గార్ప్. నౌకాదళంలో వైస్ అడ్మిరల్, జనం వీరుడని కొలిచే మనిషి. అడ్మిరల్‌ని చేస్తామంటే వద్దన్నవాడు. ఆయన కొడుకు ప్రభుత్వం మీద తిరగబడ్డ విప్లవకారుల నాయకుడు. మనవడు లూఫీ సముద్రపు దొంగల రాజు కావాలని బయల్దేరినవాడు. ఏస్ అని ఇంకో మనవడున్నాడు, సొంత రక్తం కాదు. దొంగల రాజు రోజర్ చావుకు ముందు జైల్లో గార్ప్‌ని పిలిచి, పుట్టబోయే నా బిడ్డని కాపాడమని అడిగాడు. గార్ప్ కాపాడాడు. దాదాన్ అనే కొండదొంగ ఆడమనిషి చేతుల్లో పెట్టి పెంచాడు. ఇద్దర్నీ నౌకాదళంలో చేర్చాలని ఆయన ఆశ. ఇద్దరూ దొంగలే అయ్యారు.

చివరికి ఏస్‌ని నౌకాదళమే పట్టుకుని మెరీన్‌ఫోర్డ్ అనే కోటలో అందరి ముందూ చంపబోతుంది. గార్ప్ వచ్చి ఆ వధ్యశిల మీదే ఏస్ పక్కన కూర్చుంటాడు. నేను చెప్పినట్టు ఎందుకు బతకలేదురా అని ఏడుస్తాడు. అన్నని విడిపించడానికి లూఫీ పరుగెత్తుకొస్తుంటే, అదే గార్ప్ లేచి దారికి అడ్డంగా నిలబడతాడు. వెళ్లాలంటే నన్ను చంపి వెళ్లు అంటాడు. మనవడు వద్దు తాతా అంటాడు. తాత పిడికిలి బిగిస్తాడు. ఆ పిడికిలికి కొండలు పగులుతాయి. సరిగ్గా అప్పుడు బొమ్మ మారి, ఆ పిల్లలిద్దరూ చిన్నప్పుడు నవ్వుతున్న ముఖాలు కనిపిస్తాయి. తాత కళ్లు మూసుకుంటాడు. మనవడి దెబ్బ తగిలి కింద పడతాడు.

అది చూసిన రాత్రి నాకు భీష్మపర్వం గుర్తొచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? భీష్ముడు పది రోజులు కౌరవ సేనకు నాయకత్వం వహించాడు. రోజుకు పదివేల మందిని చంపుతాను, పాండవుల్ని మాత్రం చంపను అన్నాడు. కొలువు ఒకరి దగ్గర, మనసు ఒకరి దగ్గర. తొమ్మిదో రోజు రాత్రి పాండవులు ఆయన గుడారానికే వెళ్లి, నిన్ను ఎలా పడగొట్టాలి తాతా అని అడిగారు. ఆయన చెప్పాడు: శిఖండిని ముందు నిలబెట్టుకు రండి, నేను ఆయుధం ఎత్తను. తిరిగి వస్తుంటే అర్జునుడికి అడుగు పడలేదు. చిన్నప్పుడు ఒళ్లంతా దుమ్ముతో ఆడుకుని వచ్చి ఆయన ఒళ్లోకి ఎక్కేవాణ్ని, నాన్నా అని పిలిస్తే, నేను మీ నాన్నకి నాన్ననురా అనేవాడు, అలాంటివాణ్ని ఎలా కొట్టను అని కృష్ణుడితో అంటాడు.

ఇద్దరు కథకులూ దెబ్బ పడేముందే బాల్యాన్ని తెచ్చి పెట్టారు. తేడా ఎక్కడంటే, జపాన్ కథలో ఆ జ్ఞాపకం తాతకి వచ్చింది, మన కథలో మనవడికి వచ్చింది. ఇది చిన్న తేడా అనుకోను. జ్ఞాపకం వచ్చినవాడి చెయ్యే ఆగుతుంది. గార్ప్ పిడికిలి ఆగిపోయింది. అర్జునుడు తొమ్మిది రోజులపాటు విల్లు మెత్తగానే లాగాడు. అది చూడలేక కృష్ణుడే చక్రం పట్టుకుని రథం మీంచి దూకితే, అర్జునుడు పరుగెత్తి ఆయన కాళ్లు పట్టుకుని ఆపాల్సి వచ్చింది. ఈ ఘట్టం చెప్పేటప్పుడు దుమ్ము దగ్గర నేను ఆగుతాను. ఏ ఆట ఆడి వచ్చాడో, ఆ దుమ్ము తాత తెల్లబట్టలకు ఎలా అంటిందో నా మాటల్లో చెబుతాను. శరశయ్యకు అంత సేపు ఇవ్వను. బాణాల వర్ణన పిల్లలు ఎలాగూ ఊహించుకుంటారు.

మాకు దగ్గర్లోనే, శేరిలింగంపల్లిలో, సురభి నాటక కుటుంబాల కాలనీ ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన సమాజం అది. ఆ ఇళ్లలో తాతా మనవడూ ఒకే రంగస్థలం మీద ఎదురెదురు వేషాలు కట్టగలరు. వేషం కట్టాక పాత్ర ఏం చెయ్యాలో అదే చెయ్యాలి, వరసలు అడ్డు రాకూడదు. నాటకం అయ్యాక ముఖానికున్న రంగు కడుక్కుంటారు. భీష్ముడికీ గార్ప్‌కీ ఆ వీలు లేదు.

ఇక్కడిదాకా వింటే ఇద్దరు తాతల మీదా జాలేస్తుంది. ఎంత నలిగిపోయారో అని కళ్లు తుడుచుకుంటాం. నా పేచీ అక్కడే. యుద్ధంలో చెయ్యి ఆపడం ప్రేమే, కానీ అది ఆలస్యంగా వచ్చిన ప్రేమ. అసలు పరీక్ష ముందే జరిగిపోయింది. జూదసభలో ద్రౌపది నిలబడి, తనని తాను ఓడిపోయినవాడికి నన్ను పందెం కాసే హక్కు ఎక్కడిది అని అడిగింది. పెద్ద తలకాయ భీష్ముడే. ధర్మం చాలా సూక్ష్మమమ్మా, తేల్చి చెప్పలేను అన్నాడు. ఆ రోజు లేచి నిలబడితే కురుక్షేత్రం దాకా వచ్చేదా? పిల్లల కోసం కుదించిన భారతాల్లో ఈ ప్రశ్న తరచుగా రెండు వాక్యాల్లో దాటిపోతుంది. అంపశయ్యకు మాత్రం పేజీ నిండా బొమ్మ ఉంటుంది. సభ చెప్పకుండా అంపశయ్య చెబితే తాతకి మనం ఊరికే క్షమాపణ ఇచ్చేసినట్టే. నేను ఇవ్వను. పిల్లవాడికి వయసు చూసి మాట మెత్తగా వాడతాను, ప్రశ్న మాత్రం మొత్తంగా చెబుతాను.

ఓడా కూడా ఆ ప్రశ్నని వదల్లేదు, అందుకే ఆయన మీద గౌరవం. లూఫీ విడిపించిన ఏస్ కాసేపటికే సకజుకి అనే అడ్మిరల్ చేతిలో చచ్చిపోతాడు. నౌకాదళ అధిపతి సెంగోకు పక్కనుండి గార్ప్‌ని నేలకి నొక్కిపెడతాడు. గట్టిగా పట్టుకో, లేకపోతే సకజుకిని చంపేస్తాను అంటాడు గార్ప్. ఏడిపించడానికి అది చాలు, ఇంకో కథకుడైతే అక్కడితో ఆపేవాడు. ఓడా గార్ప్‌ని వెనక్కి పల్లెకి పంపాడు, దాదాన్ ముందుకి. ఏస్‌ని పెంచిన ఆ మొరటు మనిషి గార్ప్ మీద పడి కొడుతుంది. అక్కడే ఉండి ఎందుకు కాపాడలేదు, నీ నౌకాదళం అంత గొప్పదా అని ఏడుస్తూ కొడుతుంది. అందరికంటే ఎక్కువ బాధ గార్ప్‌కే కదా అని ఊరి పెద్ద ఆపబోతాడు. కాదు, ఎక్కువ బాధ లూఫీది అంటుంది దాదాన్.

ఈ మాట విన్నాక నేను మనవణ్ని వీడియో ఆపమన్నాను. రెండు కథల్లోనూ తాతని నిలదీసింది ఆడమనిషే. పక్కనున్నవాళ్లకి ఆయన కష్టం కనబడింది, ఈ ఆడవాళ్లకి ఆయన చేతుల్లోంచి జారిపోయినవాళ్లు కనబడ్డారు.

ఆ తర్వాత గార్ప్ ముందు వరస నుంచి తప్పుకుని కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చే పనిలో పడ్డాడు. కథలో చాలా కాలానికి, 2023లో వచ్చిన భాగాల్లో, కోబీ అనే శిష్యుణ్ని దొంగల దీవి నుంచి విడిపించడానికి ముసలితనంలో స్వయంగా వెళతాడు. వాడికి తగలాల్సిన కత్తి తను తింటాడు. మెరీన్‌ఫోర్డ్‌లో చెయ్యనిది అక్కడ చేశాడు. పశ్చాత్తాపం అనే మాట ఎక్కడా అనకుండా పనిలో చూపించాడు ఓడా. భీష్ముడికి వ్యాసుడు ఇచ్చింది బోధ. బాణాల మీద పడుకుని ధర్మరాజుకి రాజధర్మం చెబుతాడు.

మా తెనాలి హరికథల్లో ఇక్కడ ఒక ముక్క ఉండేది. వ్యాసభారతంలో లేదు, జనం నోట పుట్టింది. తాత ధర్మాలు చెబుతుంటే ద్రౌపది ఫక్కున నవ్వుతుంది. ఈ ధర్మమంతా ఆ రోజు సభలో ఏమైంది తాతా అంటుంది. దుర్యోధనుడి అన్నం తిన్న రక్తం అప్పుడు ఒంట్లో ఉందమ్మా, ఇప్పుడు బాణాలకి కారిపోయింది అంటాడు భీష్ముడు. వ్యాసుడు అడగనిదాన్ని ఎవరో ఒక కథకుడు అడగకుండా ఉండలేకపోయాడు. ఆ కథకుడికి నేను దండం పెడతాను. జవాబు మాత్రం నేను ఒప్పను, తప్పు అన్నం మీదకి నెట్టేసినట్టుంటుంది. అందుకని నవ్వు దాకా చెప్పి, భీష్ముడి చోట నువ్వుంటే ఏం చెబుతావురా అని మనవణ్ని అడుగుతాను.

మొన్న అడిగితే, “సారీ చెబుతాను అమ్మమ్మా” అన్నాడు. “చెప్పినా ద్రౌపది ఒప్పుకోకపోతే?” అన్నాను. “ఒప్పుకోకపోయినా చెప్పాలిగా” అన్నాడు. అక్కడి నుంచి పదకొండింటి దాకా వాదించుకున్నాం. వాళ్లమ్మ మీటింగ్ మధ్యలో తలుపు తీసి, ఇంకా పడుకోలేదా అని ఇద్దర్నీ కేకలేసింది.