మసి గుట్టు తెలిసిన చేయి

2020 ఏప్రిల్‌లో బీఎస్‌-6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ కార్ల మెకానిక్‌కి కొత్త తలనొప్పి మొదలైంది: పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్, డీపీఎఫ్. ఊళ్లో ఆగుతూ సాగుతూ తిరిగే బండిలో అది సుమారు 600 డిగ్రీల దాకా వేడెక్కదు. మసి కాలదు, హెచ్చరిక లైటు వెలుగుతుంది. తొందరపాటు మనిషి కొత్తది వేయమంటాడు (ధర వింటే గుండె గుభేలే!). పనిమంతుడు ముందు స్కానర్ పెట్టి, ఫిల్టర్‌కి అటూ ఇటూ ప్రెజర్ తేడా చూస్తాడు. ఆ తేడా కొలిచే సెన్సర్ పైపే చిట్లిందేమోనని తడుముతాడు. ఇంజెక్టర్ కారుతోందా, పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ ఇరుక్కుందా అని ఆరా తీస్తాడు. అసలు విద్య అక్కడే ఉంది. మసి తక్కువైతే హైవే మీద ఓ చుట్టు తిప్పుకు రమ్మంటాడు. ఎక్కువైతే స్కానర్‌తోనే కాల్పిస్తాడు, బండి కింద ఎండుగడ్డి లేకుండా చూసుకుని. ఆయిల్ వదిలిన బూడిద మాత్రం ఎంత వేడికీ పోదు. దానికి ఫిల్టర్ విప్పి శుభ్రం చేయాల్సిందే.