స్కోరు తెలిశాక కూడా

పాత మ్యాచ్‌ల రిపోర్టులన్నీ ఏర్చి కూర్చిన సంకలనం చేతికొస్తే, ఎవరు గెలిచారో ముందే తెలుసు. అయినా పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. అదంతా రిపోర్టర్ పనితనం.

2017 ఆగస్టులో గ్లాస్గోలో సింధు, ఒకుహర ఆడిన ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్‌నే తీసుకోండి. 110 నిమిషాలు. 19-21, 22-20, 20-22. రెండో గేమ్‌ను ముగించిన ర్యాలీ ఒక్కటే 73 షాట్లు. ఈ అంకెలు రాయదుర్గం మెట్రో దిగేలోపు ఫోన్‌లో చూసుకోవచ్చు. ఆ ర్యాలీలో ఎవరి అడుగు అరక్షణం ఆలస్యమైందో, ఏ షాట్ దగ్గర ఆట మలుపు తిరిగిందో పట్టుకునేది మాత్రం రిపోర్టర్ కన్నే. అదీ ఎడిషన్ టైమ్ తరుముతుంటే, డెస్క్ నుంచి ఫోన్ మీద ఫోన్ వస్తుంటే!

ఆ చూపు ఒక్కరోజులో రాదు. ఐటీ క్యాబ్‌లు రోడ్డెక్కకముందే గచ్చిబౌలి గోపీచంద్ అకాడమీలో షటిల్ చప్పుడు మొదలవుతుంది. గోడవారగా నిలబడి ఆ ప్రాక్టీస్ చూసినవాళ్లకే ఫైనల్ లోతు అందుతుంది.

2001 మార్చి 11న గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. అదే వారం కోల్‌కతాలో లక్ష్మణ్ 281. ఇద్దరూ మన హైదరాబాద్ ఆటగాళ్లే. ఆ వారం స్పోర్ట్స్ డెస్కుల్లో రాత్రిళ్లు పనిచేసినవాళ్లను తలుచుకుంటే నాకిప్పటికీ అసూయే.

మన తెలుగు పత్రికల స్పోర్ట్స్ పేజీల నుంచి ఇలాంటి సంకలనం ఒకటి రావాలి. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో రహీం సాబ్ శిక్షణలో మన ఫుట్‌బాల్ జట్టు గెలిచిన స్వర్ణం కథ అందులో ఉంటే, నేను ముందు తెరిచేది ఆ పేజీనే.