బోర్డు లేని భోజనం

లండన్, న్యూయార్క్ లాంటి నగరాల్లో ఇదొక సరదా. వీధిలో బోర్డు ఉండదు, ఎవరో చెబితేనే చిరునామా తెలుస్తుంది. ముక్కూమొహం తెలియని పదిమందితో ఎవరింట్లోనో కూర్చుని, ఇంటావిడ వండిందే తిని, డబ్బిచ్చి వస్తారు. క్యూబాలో మాత్రం ఇది అవసరం కొద్దీ చాటుగా పుట్టింది. 1990లలో ప్రభుత్వం ఒప్పుకున్నాక కూడా చాలాకాలం అక్కడి ఇంటి భోజనశాలల్లో పన్నెండు కుర్చీలకు మించి వేయనివ్వలేదు.

తణుకు పెద్దవాళ్లకి ఇందులో కొత్తేం కనిపించదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టాలో పంటా పెరిగింది, రాకపోకలూ పెరిగాయి. తణుకు లాంటి తాలూకా కేంద్రానికి పనిమీద వచ్చినవాడికి ఊళ్లో చుట్టాలు లేకపోతే పూటకూళ్ల ఇల్లే దిక్కు.

పూటకింత అని తీసుకుని సొంతింట్లో అన్నం పెట్టిన ఆ ఆడవాళ్లలో చాలామంది వితంతువులు. బోర్డు పెట్టకపోవడం వాళ్ల షోకు కాదు. అన్నం అమ్ముకోవడం తప్పని నమ్మే సమాజంలో, మరో సంపాదన లేనివాళ్లు గుట్టుగా చేసుకున్న వ్యాపారం అది. 1892లో తొలిసారి ఆడిన ‘కన్యాశుల్కం’లో పూటకూళ్లమ్మ చీపురుకట్టకి అందరూ నవ్వుతారు గానీ, సంత సామాన్లకని ఆవిడ గిరీశం చేతికిచ్చిన ఇరవై రూపాయల్ని ఎవరూ పట్టించుకోరు. ఆ రోజుల్లో అంత సరుకు ఒక్కసారి దింపే వంటిల్లు చిన్నదేం కాదు.

అసలు నేర్పు లెక్కలో ఉంది. ఎందరొస్తారో తెలియదు. మిగిలితే డబ్బు నష్టం, చాలకపోతే పరువు నష్టం. అందుకే ఒకటో బంతి లేచేలోపు రెండో ఎసరు మరుగుతూ ఉండాలి, తలలు చూసుకుని బియ్యం పోయాలి. ఇద్దరు ఎక్కువొచ్చినా చారు సర్దుకుంటుంది, కూర సర్దుకోదు. ఆ లోటు పూడ్చేవి ఆవకాయ, మాగాయ జాడీలు, ముందే ఎండబెట్టి దాచిన గుమ్మడి వడియాలు.

వడ్డనకీ ఓ క్రమం ఉంది. ఆకు కొస తినేవాడి ఎడమవైపుకి రావాలి, కలుపుకునే కుడిచేతి వైపు వెడల్పుండాలి. పప్పూ నెయ్యీతో ఆకలి మంట కాస్త చల్లారాక కూరా పచ్చడీ, తరవాత పులుసు, చారు, చివరికి పెరుగు. ఈ మధ్య నగరాల్లో ఫొటో కోసం అన్నీ ఒకేసారి ఆకు మీద పేర్చేస్తున్నారు. పెరుగు దాకా వచ్చేసరికి కూర చల్లారిపోతుంది, అడిగి మళ్లీ వడ్డించే మనిషికి పనే ఉండదు.

గోదావరి వంటమనిషికి పరీక్ష పెట్టాలంటే పనసపొట్టు కూర వండించాలి. లేత కాయని సన్నటి పొట్టుగా కొట్టడం మామూలు చేతులకి సాధ్యం కాదు, చాలామంది బజార్లో కొన్నచోటే కొట్టించుకుంటారు. పొట్టు ఉడికించి వార్చి, చింతపండు పులుసులో మగ్గించి, పోపు పెట్టి దించేయాలి. వేడి తగ్గాకే నూరిన ఆవ కలపాలి. పొయ్యి మీదే కలిపితే ఘాటు ఎగిరిపోతుంది, ఆవ మోతాదు మించితే చేదొస్తుంది. కుదిరిన కూర మాత్రం పొద్దున్నకంటే రాత్రికే బాగుంటుంది. ఆలస్యంగా వచ్చినవాడే అదృష్టవంతుడు!

డబ్బు తీసుకోకుండా పెట్టినవాళ్లూ ఈ నేల మీదే ఉన్నారు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) ఇంటికొచ్చిన ప్రతివాడికీ అన్నం పెట్టింది. గన్నవరం అక్విడక్టుకి ఆవిడ పేరుంది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆ పేరే పెట్టింది. అన్నానికి డబ్బు పుచ్చుకున్న ఆడవాళ్ల పేర్లు ఇలా ఎక్కడా ఎక్కలేదు. భర్త పోయాక ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని పెంచిన సుబ్బమ్మ మనకి గుర్తుందంటే, ఆమె కొడుకు టంగుటూరి ప్రకాశం ఆ సంగతి దాచకుండా ‘నా జీవిత యాత్ర’లో రాసుకోబట్టే.