వేషం, వీధి, వంశం: కూచిపూడి అగ్రహారంపై ‘ఇంపర్సొనేషన్స్’ గ్రంథ పరిశీలన

కృష్ణా డెల్టా దిగువ భాగంలో ఘంటసాల, శ్రీకాకుళం, మొవ్వ, కూచిపూడి చేరువ గ్రామాలు. ఘంటసాల బౌద్ధ మహాచైత్యంతో, శ్రీకాకుళం ఆంధ్రమహావిష్ణువు ఆలయంతో, మొవ్వ వేణుగోపాలునితోను క్షేత్రయ్య పదాలతోను ప్రసిద్ధి పొందాయి. కూచిపూడి ప్రసిద్ధి ఆలయం కంటె అగ్రహారపు ఇళ్లవల్ల, వేదాంతం, చింతా, వెంపటి, పసుమర్తి వంటి ఇంటిపేర్లవల్ల వచ్చింది. అందువల్ల కూచిపూడి చరిత్ర నృత్యచరిత్రతో పాటు ఒక వాడ చరిత్ర కూడా. ఆ వాడ జీవితాన్ని నమోదు చేసిన హర్షితా మృతింటి కామత్ గ్రంథం ‘ఇంపర్సొనేషన్స్’ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ప్రెస్, 2019) సాధించినదేమిటో, విడిచినదేమిటో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

అగ్రహారం తనను గురించి చెప్పుకొనే కథకు రెండు ఆధారాలున్నాయి. మొదటిది ఐతిహ్యం: సిద్ధేంద్రయోగి భామాకలాపాన్ని రచించి, ఈ కుటుంబాల ప్రతి పురుషుడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని నియమించాడు, ప్రదర్శన చూసి మెచ్చిన తానీషా గ్రామాన్ని దానమిచ్చాడు. రెండవది 1763 నాటి ఆస్తి పత్రం. అందులో పదిహేను కుటుంబాల ఇంటిపేర్లున్నాయి. పత్రం చెప్పేది భూమి హక్కు, ఐతిహ్యం చెప్పేది కళా హక్కు. ఈ రెండింటినీ కలిపి చదివినప్పుడు మాత్రమే ‘వంశపారంపర్య కళ’ అనే భావన నిలుస్తుంది. ఆ కలయికను సహజంగా స్వీకరించక ప్రశ్నించడం కామత్ గ్రంథపు తొలి ప్రయోజనం.

గ్రంథ ప్రధాన ప్రతిపాదన స్త్రీవేషానికి సంబంధించినది. వేదాంతం సత్యనారాయణ శర్మ వంటి నటుల సత్యభామ వేషం కేవలం నటనా కౌశలం కాదు. అగ్రహారంలో బ్రాహ్మణ పురుషుని ప్రతిష్ఠను నిర్మించిన సాధనం. ఈ ప్రతిష్ఠ గ్రామసీమ దాటగానే సడలుతుంది. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో స్థాపించిన కూచిపూడి ఆర్ట్ అకాడమీలో సత్యభామగా స్త్రీలే నర్తించారు. నగరంలోను విదేశాలలోను స్త్రీలు ఈ నృత్యాన్ని స్వీకరించిన కొద్దీ స్త్రీవేషధారి అవసరం తగ్గింది. కళ విస్తరించింది, ఆ కళను తనదిగా చెప్పుకొన్న వీధి అధికారం కుంచించుకుపోయింది. ఈ విరోధాన్ని కామత్ నిశితంగా పట్టుకొన్నారు.

గ్రంథంలో అత్యంత విలువైనది చివరి అధ్యాయం. ఎక్కడి స్త్రీలైనా కూచిపూడి నేర్చుకోగలిగిన కాలంలో, కూచిపూడి ఇళ్లలో పుట్టిన స్త్రీలలో ఎందరో రంగస్థలానికి దూరంగా ఉండిపోయారు. నట్టువాంగం వింటూ పెరిగి, వేషం కట్టే అవకాశం లేనివారి మాటలను ఈ అధ్యాయం వినిపిస్తుంది. వంశావళులలో చోటు దొరకని ఈ స్త్రీలను సాక్షులుగా నిలపడంతో ‘కూచిపూడి సమాజం’ అనే మాటకు అర్థమే మారుతుంది.

అయితే శీర్షికలోని పదం చర్చనీయం. ఆ ఇంగ్లీషు మాట ఒకరు మరొకరిగా చెలామణి కావడాన్ని సూచిస్తుంది. స్త్రీవేషాన్ని ప్రత్యేక వర్గంగా విడదీస్తుంది. తెలుగులో కృష్ణుడైనా, సత్యభామైనా, సూత్రధారుడైనా వేషమే. భామాకలాపంలో ఒకే నటుడు సూత్రధారుడై, సత్యభామ ఎదుట మాధవిగా, కృష్ణుని ఎదుట మాధవుడిగా వ్యవహరిస్తాడు. ఇక్కడ వేషం ఆహార్యంపై కంటె ఎదుటి పాత్రతో గల సంబంధంపై ఆధారపడుతుంది. మాధవి పాత్రను కామత్ విస్తృతంగా చర్చించారు. ‘మాయ’ను విశ్లేషణ సాధనంగా గ్రహించారు. కాని ‘వేషం’ అనే తెలుగు భావనకే ఆ సిద్ధాంత స్థాయి ఇచ్చి ఉంటే వాదం మరింత బలపడేది.

రెండవ పరిమితి పరిధికి సంబంధించినది. భామాకలాపం ఈ అగ్రహారానిది మాత్రమే కాదు. కళావంతుల స్త్రీలూ దానిని ప్రదర్శించారు. కళావంతుల జీవితాన్ని పరిశీలించిన దవేష్ సోనేజీ ‘అన్‌ఫినిష్డ్ జెశ్చర్స్’ (2012)ను ఈ గ్రంథంతో జోడించి చదివినప్పుడు ఒక చేదు నిజం స్పష్టమవుతుంది. 1947 మద్రాసు దేవదాసీ నిషేధ చట్టం కళావంతుల ప్రదర్శనలకు చట్టపరమైన అడ్డు కాగా, ఆ తరువాత అగ్రహార పురుషుల కళ శాస్త్రీయ గౌరవం కోసం ఢిల్లీ తలుపు తట్టింది. ఒకే కలాపాన్ని ఆడిన రెండు వాడలలో ఒకటి వారసత్వంగాను, మరొకటి కళంకంగాను నమోదయ్యాయి. అగ్రహారంలోని స్త్రీల మౌనాన్ని, కళావంతుల స్త్రీలపై విధించిన మౌనాన్ని పక్కపక్కన పెట్టి పరిశీలించే పని మిగిలే ఉంది.

ఈ రెండు గ్రంథాలూ ఇంగ్లీషులో వెలువడ్డాయి. వీటిలో చర్చకు వచ్చిన జీవితాలు మాత్రం తెలుగులో సాగినవి. తెలుగు శాఖల పరిశోధన కలాపాల పాఠపరిష్కరణకు, కవికాల నిర్ణయానికి పరిమితమైతే, ఆ పాఠాలను కంఠస్థం చేసి కూడా ఆడలేకపోయినవారి జ్ఞానం నమోదు కాకుండానే పోతుంది. తాళపత్రం మరికొంతకాలం నిలుస్తుంది. వయసు మళ్లిన సాక్షి నిలవదు. కూచిపూడిలోను, కళావంతుల కుటుంబాలలోను మౌఖిక చరిత్ర సేకరణ తక్షణం జరగవలసిన పరిశోధన. ‘ఇంపర్సొనేషన్స్’ ఆ అవసరాన్ని నిరూపించింది. దాని లోపాలు ఆ పని ఎటు సాగాలో సూచిస్తున్నాయి.